బరువు తగ్గించే శస్త్రచికిత్సలు: పేగు హార్మోన్లు, ఆకలి

స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్సలు జీర్ణాశయం పరిమాణాన్నో, ఆహారం పేగుల్లో సాగే దారినో, రెండింటినో మారుస్తాయి. వీటన్నిటినీ కలిపి బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ఇవి బరువును ఎలా తగ్గిస్తాయన్న ప్రశ్నకు చాలాకాలం రెండే జవాబులు ఉండేవి. కడుపు చిన్నదై మనిషి తక్కువ తింటాడన్నది మొదటిది. పేగులో కొంత భాగాన్ని ఆహారం తాకకుండా దాటిపోవడంతో తిన్నది పూర్తిగా ఒంటపట్టదన్నది రెండోది. ఈ లెక్క ఒక్కటే నిజమైతే ఆపరేషన్ అయినవారు నిత్యం ఆకలితో అలమటించాలి. పథ్యం చేసి బరువు తగ్గినవారికి ఎదురయ్యేది అదే. శస్త్రచికిత్స తర్వాత చాలామందిలో జరిగేది ఇందుకు భిన్నం. ఆకలే తగ్గుతుంది, కొద్ది ముద్దలకే తృప్తి కలుగుతుంది, తీపి, నూనె పదార్థాల మీద మునుపటి యావ ఉండదు. ఈ తేడాకు జీర్ణనాళం రక్తంలోకి వదిలే హార్మోన్లు ఒక ముఖ్య కారణమని గత పాతికేళ్ల పరిశోధన చూపింది. అందులో ఎంతవరకు రుజువైంది, ఎక్కడ వాదం మిగిలింది అన్నదే ఈ సమీక్ష.

ఆకలిని నడిపే సంకేతాలు

జీర్ణనాళానికి అరిగించే పనితోపాటు మెదడుకు కబురు పంపే పని కూడా ఉంది. 1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ కనుగొన్న సెక్రెటిన్ చిన్న పేగు నుంచి వచ్చినదే. హార్మోన్‌గా గుర్తింపు పొందిన తొలి పదార్థం అదే. ఆ తర్వాత ఇలాంటివి పదుల సంఖ్యలో బయటపడ్డాయి. ఆకలికి సంబంధించి వాటిలో నాలుగైదు ప్రధానం.

ఆకలిని పెంచే పేగు హార్మోన్లలో బాగా తెలిసినది గ్రెలిన్. దీన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయసు కొజిమా, కెంజి కంగావా ఎలుక జీర్ణాశయం నుంచి వేరుచేశారు. ఇది 28 అమైనో ఆమ్లాల గొలుసు. ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో గుమ్మటంలా ఉండే ఫండస్‌లో తయారవుతుంది. భోజనానికి ముందు రక్తంలో పెరిగి, తిన్న తర్వాత తగ్గుతుంది. దీన్ని నరం ద్వారా ఎక్కిస్తే మనుషులు మామూలు కంటే ఎక్కువ తింటారని 2001లో లండన్ పరిశోధకులు చూపించారు.

ఆకలిని అణచేవి ఎక్కువ. చిన్న పేగు మొదటి భాగంలోని కణాలు కొవ్వు, ప్రొటీన్ తగలగానే కోలిసిస్టోకైనిన్‌ను వదులుతాయి. పేగు చివరి భాగంలో, పెద్ద పేగులో ఎక్కువగా ఉండే ఎల్ కణాలు జీఎల్‌పీ-1, పీవైవై, ఆక్సింటోమాడ్యులిన్ అనే మూడింటిని విడుదల చేస్తాయి. జీఎల్‌పీ-1 క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, తృప్తి భావాన్ని పెంచుతుంది. దీని ఆయువు చాలా తక్కువ. డీపీపీ-4 అనే ఎంజైమ్ దీన్ని రెండు నిమిషాల్లోనే సగానికి తగ్గిస్తుంది. అదే ఎంజైమ్ పీవైవై విషయంలో వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఆ గొలుసు చివర రెండు అమైనో ఆమ్లాలను కత్తిరించి, ఆకలిని తగ్గించగల రూపానికి మారుస్తుంది.

వీటికి తోడు కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ ఉంది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో ఇది మెదడుకు తెలియజేస్తుంది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనుగొంది. ఈ కబుర్లలో కొన్ని రక్తం ద్వారా, కొన్ని వేగస్ నాడి ద్వారా మెదడు కాండానికి, హైపోథాలమస్‌కు చేరతాయి. అక్కడ తినమని ప్రేరేపించే నాడీకణాలు ఒక గుంపు, చాలించమనేవి మరో గుంపు. ఆ రెండింటి మధ్య తూకం ఎటు మొగ్గితే ఆకలి అటు నడుస్తుంది.

పథ్యం తర్వాత ఆకలి ఎందుకు పెరుగుతుంది

శస్త్రచికిత్స ప్రత్యేకత తెలియాలంటే ముందు పథ్యంతో బరువు తగ్గినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. శరీరం బరువు తగ్గడాన్ని కరవుగా భావించి ఎదురుతిరుగుతుంది. లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది, భోజనం తర్వాత వచ్చే పీవైవై, కోలిసిస్టోకైనిన్ తగ్గుతాయి. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది.

ఈ ఎదురుతిరుగుడు ఎంతకాలం ఉంటుందో ఆస్ట్రేలియాలో ప్రియ సుమిత్రన్, జోసెఫ్ ప్రొయెట్టో బృందం పరీక్షించి 2011లో ఫలితాలు వెల్లడించింది. యాభై మంది స్థూలకాయులకు పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. వారు సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. అధ్యయనం మొదలైన 62 వారాలకు మళ్లీ రక్తం పరీక్షిస్తే, కొంత బరువు తిరిగి పెరిగినా హార్మోన్ల తీరు ఇంకా ఆకలి వైపే ఒరిగి ఉంది. ఆకలి బాధ కూడా తగ్గలేదు. బరువు తగ్గి, ఏడాది తిరిగేసరికి మళ్లీ పెరిగినవారిని ఇల్లూ లోకమూ నోరు కట్టుకోలేని మనుషులంటూ నిందిస్తాయి. ఆ నిందకు ఈ ఫలితాలు సూటి సమాధానం. వారు పోరాడుతున్నది తమ దేహం పంపే సంకేతాలతో.

శస్త్రచికిత్సల తీరుతెన్నులు

బరువు కోసం పేగును దారి మళ్లించే ఆపరేషన్లు 1950ల్లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలయ్యాయి. చిన్న పేగులో అధిక భాగాన్ని ఆహారం తాకకుండా చేసిన ఆ తొలి పద్ధతి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీయడంతో కాలక్రమంలో వదిలేశారు. 1960ల్లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్‌కు రూపమిచ్చారు. అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసినవారు బరువు తగ్గడం ఆయనకు ఆధారమైంది. 1994లో అలన్ విట్‌గ్రోవ్ బృందం దీన్ని చిన్న కోతల గుండా, లాపరోస్కోపీతో చేసినట్టు ప్రకటించిన తర్వాత ఈ శస్త్రచికిత్సలు విస్తరించాయి.

ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో రెండు ప్రధానం. రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైకొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని నేరుగా చిన్న పేగు మధ్యభాగానికి కలుపుతారు. మిగతా జీర్ణాశయం, చిన్న పేగు మొదటి భాగమైన ఆంత్రమూలం ఒంట్లోనే ఉంటాయి కానీ ఆహారం వాటిలోకి వెళ్లదు. పిత్తరసం, క్లోమరసం వేరే పేగు పాయలో ప్రవహించి, కిందికి వచ్చాక ఆహారంతో కలుస్తాయి. ఆహారం వచ్చే పాయ, రసాలు వచ్చే పాయ, రెండూ కలిసి సాగే పేగు ఆంగ్ల అక్షరం వై ఆకారంలో కలుసుకుంటాయి. రెండోది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయం వెలుపలి వంపును, ఫండస్‌తో సహా, మూడొంతులకు పైగా కత్తిరించి తీసేస్తారు. అరటికాయ ఆకారంలో సన్నని గొట్టం మిగులుతుంది. పేగుల దారి మారదు. ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది ఇదే.

జీర్ణాశయం పైభాగానికి సిలికాన్ పట్టీ బిగించే గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది, ఇప్పుడు అరుదు. కానీ పరిశోధనకు అది ఎంతో ఉపకరించింది. బ్యాండ్ కడుపును ఇరుకు చేస్తుంది తప్ప ఆహారం దారిని మార్చదు. అందువల్ల బ్యాండ్‌లో కనిపించని మార్పు బైపాస్‌లో కనిపిస్తే, అది కేవలం ఇరుకుదనం ఫలితం కాదని చెప్పవచ్చు. ఇవిగాక ఇటలీలో నికొలా స్కోపినారో 1970ల్లో ప్రవేశపెట్టిన బిలియోపాంక్రియాటిక్ డైవర్షన్, దాని నుంచి వచ్చిన డ్యుయోడెనల్ స్విచ్, పేగును ఒకేచోట కలిపే మినీ బైపాస్ ఉన్నాయి.

బరువు మీద వీటి ప్రభావాన్ని దీర్ఘకాలం గమనించిన వాటిలో ముఖ్యమైనది 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనం. అందులో నాలుగు వేలమందికి పైగా పాల్గొన్నారు. పదేళ్ల తర్వాత బైపాస్ అయినవారి బరువు మొదటి బరువు కంటే సగటున 25 శాతం తక్కువగా ఉంది. బ్యాండ్ వేయించుకున్నవారిలో ఆ తగ్గుదల 14 శాతం. శస్త్రచికిత్స చేయించుకోని బృందం బరువు దాదాపు మారలేదు. శస్త్రచికిత్స బృందంలో మరణాల ముప్పు దాదాపు నాలుగో వంతు తక్కువని 2007లో అదే అధ్యయనం తేల్చింది.

గ్రెలిన్: తొలి అనుమానం

శస్త్రచికిత్సకూ ఆకలి హార్మోన్లకూ ముడి ఉందన్న చర్చ వేగం అందుకున్నది 2002లో. అమెరికాలోని సియాటిల్‌లో డేవిడ్ కమ్మింగ్స్ బృందం మనుషుల నుంచి రోజంతా కొద్ది వ్యవధిలో రక్తం తీసి గ్రెలిన్ కొలిచింది. మామూలు మనుషుల్లో ఆ రేఖ ప్రతి భోజనానికి ముందు శిఖరంలా లేచి, తిన్న తర్వాత కిందికి దిగింది. ఆరు నెలలు పథ్యం చేసి బరువు తగ్గినవారిలో ఆ రేఖ మొత్తంగా 24 శాతం పైకి జరిగింది. బైపాస్ అయినవారు అంతకంటే ఎక్కువ బరువు తగ్గారు. ఆ లెక్కన వారి గ్రెలిన్ ఇంకా పెరిగి ఉండాలి. అందుకు భిన్నంగా వారి రేఖ అడుగున చదునుగా ఉండిపోయింది. సాధారణ బరువున్నవారితో పోలిస్తే 77 శాతం తక్కువ. భోజనానికి ముందు లేవాల్సిన శిఖరాలే లేవు.

ఆ తర్వాతి ఫలితాలు అంత తేటగా లేవు. బైపాస్ తర్వాత గ్రెలిన్ తగ్గిందని కొన్ని, మారలేదని కొన్ని, పెరిగిందని ఇంకొన్ని అధ్యయనాలు చెప్పాయి. జీర్ణాశయాన్ని ఎక్కడ కోశారు, ఫండస్ ఎంత మిగిలింది, వేగస్ నాడి కొమ్మలు తెగాయా, ఆపరేషన్ అయి ఎంతకాలమైంది, హార్మోన్ ఏ రూపాన్ని కొలిచారు అన్నవాటిని బట్టి ఫలితం మారుతోంది. స్లీవ్ విషయంలో ఇంత సందిగ్ధం లేదు. గ్రెలిన్ తయారయ్యే భాగాన్నే తీసేస్తారు కాబట్టి అది స్పష్టంగా పడిపోతుంది, ఐదేళ్ల తర్వాత కూడా తక్కువగానే ఉన్నట్టు నమోదైంది. బ్యాండ్ తర్వాత మాత్రం పథ్యంలో లాగే పెరిగే అవకాశం ఉంది.

అయితే గ్రెలిన్ తగ్గుదలే స్లీవ్ విజయానికి అసలు కారణమా? జన్యువు తొలగించి గ్రెలిన్ లేకుండా పెంచిన ఎలుకలకు అమెరికా పరిశోధకులు స్లీవ్ చేశారు. అవి కూడా మామూలు ఎలుకలంతగానే బరువు తగ్గాయని 2013లో ప్రకటించారు. లేని హార్మోన్ తగ్గడమంటూ ఉండదు కాబట్టి, గ్రెలిన్ పాత్ర ఉన్నా అదే సర్వస్వం కాదని దీనితో తేలింది.

జీఎల్‌పీ-1, పీవైవై: తృప్తి సంకేతాల వెల్లువ

ఎక్కువమంది పరిశోధకులకు ఒకే తీరున కనిపించిన మార్పు పేగు చివరి హార్మోన్లది. బైపాస్ తర్వాత పరగడుపున జీఎల్‌పీ-1, పీవైవై పెద్దగా మారవు. భోజనం చేయగానే మాత్రం మునుపటి కంటే ఎన్నో రెట్లు ఎగసిపడతాయి. జీఎల్‌పీ-1 కొందరిలో పది రెట్ల దాకా పెరుగుతుంది. స్లీవ్ తర్వాత కూడా పెరుగుతాయి, కానీ సాధారణంగా బైపాస్‌లో ఉన్నంత కాదు. బ్యాండ్ తర్వాత ఈ ఎగసిపాటు లేదు. లండన్‌లో కారెల్ లె రూ, స్టీఫెన్ బ్లూమ్ బృందం 2007లో చూపినట్టు ఈ పెరుగుదల ఆపరేషన్ అయిన రెండో రోజుకే మొదలవుతుంది. అప్పటికి చెప్పుకోదగ్గ బరువేమీ తగ్గి ఉండదు. అంటే హార్మోన్ల మార్పు బరువు తగ్గడం వల్ల వచ్చింది కాదు, దానికంటే ముందే వచ్చింది.

రెండు విషయాలు వెంటవెంట జరిగినంత మాత్రాన ఒకటి మరోదానికి కారణమని చెప్పలేం. ఆ బృందమే మరో అడుగు వేసింది. బైపాస్‌తో బాగా బరువు తగ్గినవారికి, బ్యాండ్‌తో తగ్గినవారికి ఆక్ట్రియోటైడ్ అనే మందు ఇచ్చింది. ఇది పేగు హార్మోన్ల విడుదలను అణచేస్తుంది. బైపాస్ వారికి ఆకలి తిరిగొచ్చింది, ఎక్కువ తిన్నారు. బ్యాండ్ వారిలో ఆ మార్పు లేదు. కడుపు సంచి అంతే చిన్నగా ఉంది, పేగు కలిపిన తీరు అంతే ఉంది, మారింది హార్మోన్లు మాత్రమే.

ఆక్ట్రియోటైడ్ ఎన్నో హార్మోన్లను ఒకేసారి అడ్డుకుంటుంది. అందువల్ల ఏది ముఖ్యమన్న ప్రశ్న మిగిలింది. 2016లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని విడదీసి చూశారు. జీఎల్‌పీ-1 సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని ఒక మందుతో మూసేశారు. పీవైవై చురుకైన రూపానికి మారకుండా డీపీపీ-4ను నిరోధించే మాత్రతో ఆపారు. ఒక్కొక్కటీ విడిగా అడ్డుకున్నప్పుడు తినే మోతాదు పెరగలేదు. రెండింటినీ కలిపి అడ్డుకున్నప్పుడు సుమారు 20 శాతం పెరిగింది. ఒకటి తగ్గితే రెండోది ఆ లోటు భర్తీ చేస్తుందని, రెండూ కలిసే ఆకలిని అదుపు చేస్తాయని ఈ ప్రయోగం సూచించింది.

దారి మారితే ఏం మారుతుంది

ఆహారం సాగే దారే ఈ వెల్లువకు కారణమని చూపిన ఉదాహరణ ఒకటి 2010లో డెన్మార్క్ నుంచే వచ్చింది. టైప్-2 మధుమేహం ఉన్న ఒక వ్యక్తికి బైపాస్ తర్వాత చిక్కులు రావడంతో, ఆహారం చేరని పాత జీర్ణాశయంలోకి గొట్టం అమర్చాల్సి వచ్చింది. దానివల్ల అరుదైన అవకాశం దొరికింది. ఒకే మనిషి, ఒకే రకం ద్రవాహారం, రెండు దారులు. ఒక రోజు నోటితో తాగించారు, ఆహారం బైపాస్ దారిలో వెళ్లింది. మరో రోజు గొట్టం ద్వారా పాత జీర్ణాశయంలోకి పంపారు, పూర్వపు సహజ దారిలోనే సాగింది. గొట్టం ద్వారా పంపినప్పుడు రక్తంలో చక్కెర మధుమేహ రోగుల్లో లాగే పెరిగింది. నోటితో తీసుకున్నప్పుడు జీఎల్‌పీ-1, ఇన్సులిన్ ఎన్నో రెట్లు ఎగసి, చక్కెర అదుపులో ఉంది. రోజుల తేడాలో బరువు మారలేదు, కొవ్వు మారలేదు. దారి ఒక్కటే మారింది.

దీన్ని వివరించడానికి రెండు సిద్ధాంతాలు పోటీ పడ్డాయి. సగం అరిగిన ఆహారం త్వరగా పేగు చివరికి చేరి ఎల్ కణాలను తట్టి లేపుతుందన్నది ఒకటి. పేగు చివరి ముక్కను కోసి పైభాగంలో అతికించిన ఎలుకల్లో, కడుపును ముట్టుకోకపోయినా, ఈ హార్మోన్లు పెరగడం దీనికి బలమిచ్చింది. ఆంత్రమూలాన్ని ఆహారం తాకకపోవడమే మేలు చేస్తుందన్నది రెండోది. ఫ్రాన్సెస్కో రుబీనో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీనికి ఆధారం. ఇప్పుడు మొదటిదానికే ఎక్కువ సాక్ష్యం ఉంది, ముఖ్యంగా వేగం విషయంలో. బైపాస్‌లో జీర్ణాశయం కింది కవాటం దారిలో ఉండదు కాబట్టి ఆహారం నిమిషాల్లో పేగులోకి జారుతుంది. స్లీవ్‌లో కవాటం ఉన్నా, సన్నని గొట్టంలో పీడనం పెరిగి కడుపు తొందరగా ఖాళీ అవుతుంది. పేగుల దారి మారని స్లీవ్‌లో కూడా జీఎల్‌పీ-1 పెరగడానికి ఇదే కారణమని భావిస్తారు.

తోడుగా పనిచేసేవి

కోలిసిస్టోకైనిన్, ఆక్సింటోమాడ్యులిన్, న్యూరోటెన్సిన్ కూడా ఈ శస్త్రచికిత్సల తర్వాత పెరిగినట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. చిన్న పేగు పైభాగం నుంచి వచ్చే జీఐపీ విషయంలో ఫలితాలు పరస్పర విరుద్ధం. లెప్టిన్ కథ ప్రత్యేకం. కొవ్వు తగ్గిన కొద్దీ అది తగ్గుతుంది, పథ్యంలో లాగే శస్త్రచికిత్స తర్వాత కూడా. అయినా పథ్యంలో వచ్చే ఆకలి ఇక్కడ రాదు. లెప్టిన్ పంపే కరవు కబురును తృప్తి సంకేతాల వెల్లువ కప్పేస్తుందన్నది ఒక వివరణ.

పిత్త ఆమ్లాలు మరో పాయ. ఇవి కొవ్వును అరిగించడంతో ఆగవు, హార్మోన్లలా కూడా పనిచేస్తాయి. బైపాస్ తర్వాత రక్తంలో వీటి మోతాదు పెరుగుతుంది. ఎల్ కణాల మీద ఉన్న టీజీఆర్-5 అనే గ్రాహకాన్ని తాకి జీఎల్‌పీ-1 విడుదలను ప్రేరేపిస్తాయి. కణ కేంద్రకంలో ఉండే ఎఫ్ఎక్స్ఆర్ అనే మరో గ్రాహకం లేని ఎలుకలకు స్లీవ్ చేస్తే బరువు మీద దాని ప్రభావం చాలావరకు పోయిందని 2014లో నేచర్ పత్రికలో ఒక బృందం ప్రకటించింది. పేగులోని సూక్ష్మజీవుల సమూహం కూడా మారుతుంది. బైపాస్ అయిన ఎలుకల పేగు బ్యాక్టీరియాను సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లోకి మార్చితే అవి కొంత బరువు తగ్గాయి. మనుషుల్లో దీని పాత్ర ఎంతన్నది తేలాల్సి ఉంది.

మెదడు, రుచి, కోరిక

కడుపు ఖాళీ అయినప్పుడు కలిగే ఆకలి ఒకటి, కడుపు నిండినా మిఠాయి చూస్తే పుట్టే కోరిక మరొకటి. శస్త్రచికిత్స రెండింటినీ తాకుతుంది. మెదడు చిత్రాలు తీసిన లండన్ అధ్యయనంలో, కొవ్వు, చక్కెర ఎక్కువున్న పదార్థాల బొమ్మలు చూపినప్పుడు బైపాస్ వారి మెదడులోని ప్రతిఫల కేంద్రాలు బ్యాండ్ వారి కంటే తక్కువగా స్పందించాయి.

మాటల్లో చెప్పే కోరికను కాక చేతల్లో కనిపించే కోరికను కొలవడానికి మరో పరీక్ష చేశారు. కంప్యూటర్ మౌస్‌ను కొన్నిసార్లు నొక్కితే ఒక చాక్లెట్ గోలీ దొరుకుతుంది. తర్వాతి గోలీకి ఇంకా ఎక్కువసార్లు నొక్కాలి, ఆ పైదానికి మరీ ఎక్కువ. ఇక చాలని ఎక్కడ ఆగుతారో అదే కోరిక కొలత. బైపాస్ తర్వాత స్థూలకాయుల్లో ఆ కొలత సుమారు సగానికి పడిపోయింది. చాక్లెట్‌కు బదులు కూరగాయ ముక్కలు పెట్టి చూస్తే మార్పు లేదు. తిండి మొత్తం మీద విరక్తి కలగలేదు, తీపి, కొవ్వు కలిసిన పదార్థం మీది పట్టు మాత్రమే సడలింది. ఇందులో హార్మోన్ల వాటా ఎంత, తిన్నాక వచ్చే వికారం నేర్పిన జాగ్రత్త వాటా ఎంత అన్నది ఇంకా చర్చలోనే ఉంది.

ఏ ఒక్క హార్మోనూ చాలదు

జంతు ప్రయోగాల నుంచి వచ్చిన పెద్ద పాఠం ఒకటి ఉంది. జీఎల్‌పీ-1 గ్రాహకం లేని ఎలుకలు కూడా బైపాస్, స్లీవ్ తర్వాత మామూలుగానే బరువు తగ్గాయి. పీవైవై లేని ఎలుకల్లో ఒక అధ్యయనంలో ఫలితం తగ్గింది. కానీ జీఎల్‌పీ-1, పీవైవై గ్రాహకాలు రెండూ లేని ఎలుకల్లో బైపాస్ పనిచేసిందని 2019లో మరో అధ్యయనం చెప్పింది. మనుషుల్లో హార్మోన్లను తాత్కాలికంగా అణచినప్పుడు ఆకలి పెరగడం, పుట్టుకతోనే అవి లేని ఎలుకల్లో శస్త్రచికిత్స పనిచేయడం పైకి పొసగనట్టు కనిపిస్తాయి. పుట్టుకతో లేని సంకేతానికి బదులు శరీరం వేరే దారులు ఏర్పరచుకుంటుందన్నది ఒక సమాధానం. ఎలుక ఆకలికీ మనిషి ఆకలికీ తేడా ఉందన్నది ఇంకొకటి. ఏదైనా, శస్త్రచికిత్స ఒకేసారి ఎన్నో సంకేతాలను కదిలిస్తుందన్నది స్పష్టం.

శరీరం కాపాడుకోజూసే బరువే మారుతుందన్న భావనకు కూడా జంతువుల్లోనే మంచి ఆధారం దొరికింది. స్లీవ్ అయిన ఎలుకలను కొన్నాళ్లు పస్తు పెట్టి మళ్లీ తిండి ఇస్తే, అవి ఎక్కువ తిని బరువు పెంచుకున్నాయి. కానీ స్లీవ్ తర్వాత చేరిన కొత్త బరువు దగ్గర ఆగిపోయాయి. ఎక్కువ తినడానికి కడుపు అడ్డుపడలేదని దీనివల్ల తెలుస్తోంది.

మధుమేహం మీద ప్రభావం

అమెరికాలోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ పోరీస్ 1995లో ప్రచురించిన పత్రం బైపాస్ తర్వాత టైప్-2 మధుమేహం చాలామందిలో అదుపులోకి వచ్చిందని, అదీ రోజుల్లోనే మొదలవుతుందని చూపి వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. మొదటి రోజుల్లో తిండి బాగా తగ్గడంతో కాలేయం ఇన్సులిన్‌కు స్పందిస్తుంది, తర్వాత జీఎల్‌పీ-1 ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది, ఆపై తగ్గిన బరువు మేలు చేస్తుంది. అయితే హార్మోన్లకు ఇక్కడ ఇచ్చే ప్రాధాన్యానికి హద్దు ఉంది. పథ్యంతో, బైపాస్‌తో సమానంగా, సుమారు 18 శాతం, బరువు తగ్గిన మధుమేహ రోగులను 2020లో అమెరికాలో పోల్చి చూస్తే జీవక్రియ మెరుగుదల రెండు బృందాల్లో దాదాపు ఒకేలా ఉంది. శస్త్రచికిత్స గొప్పతనం అంత బరువు తగ్గించి, ఏళ్ల తరబడి నిలబెట్టగలగడంలో ఉందని, అందుకు ఆకలి తగ్గడమే ఆధారమని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కాలం గడిచాక

ఈ ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. బరువు సాధారణంగా ఏడాది, రెండేళ్లలో అడుగుకు చేరి, తర్వాత కొంత పెరుగుతుంది. బైపాస్ తర్వాత తక్కువ బరువు తగ్గినవారిలో భోజనానంతర జీఎల్‌పీ-1, పీవైవై స్పందన బలహీనంగా, గ్రెలిన్ ఎక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాలు చూపాయి. బరువు తిరిగి పెరిగితే అది రోగి తప్పిదమని వెంటనే తీర్మానించకూడదనడానికి ఇది చాలు.

హార్మోన్ల వెల్లువకు చెడు వైపు కూడా ఉంది. తీపి పదార్థమో, ఎక్కువ అన్నమో వేగంగా పేగులోకి జారితే కడుపునొప్పి, చెమట, గుండెదడ రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం వేరే సమస్య. జీఎల్‌పీ-1 ఎగసి ఇన్సులిన్‌ను అతిగా విడుదల చేయించడం దీనికి ముఖ్య కారణం. జీఎల్‌పీ-1 గ్రాహకాన్ని మూసే మందు ఇస్తే ఇది సర్దుకోవడమే ఆ సంగతి చెబుతోంది. బైపాస్ తర్వాత మద్యం కూడా త్వరగా రక్తంలో చేరి, కొందరు వ్యసనంలో పడే ముప్పు పెరుగుతుంది. విటమిన్ బీ-12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ లోపాలను జీవితాంతం కనిపెట్టి ఉండాలి. శాకాహారుల్లో బీ-12 ముందే తక్కువగా ఉంటుంది కాబట్టి వారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆకలి తగ్గిన మనిషి ప్రొటీన్ కూడా తగ్గించేయకుండా, గుడ్డు, పప్పు, పెరుగు వంటివాటిని అన్నం కంటే ముందు తినాలని పోషకాహార నిపుణులు చెబుతారు.

శస్త్రచికిత్స నేర్పిన మందులు

పేగు హార్మోన్లను అనుకరించే మందులకు శస్త్రచికిత్స ఇచ్చిన జ్ఞానం తోడ్పడింది. సెమాగ్లుటైడ్ జీఎల్‌పీ-1 పనినే చేస్తుంది, కానీ రెండు నిమిషాల ఆయువును వారానికి పెంచుకున్న అణువు అది. 2021లో వచ్చిన ప్రధాన పరీక్షలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గించింది. జీఎల్‌పీ-1తోపాటు జీఐపీ గ్రాహకాన్ని కూడా కదిలించే టిర్జెపటైడ్ అత్యధిక మోతాదులో 72 వారాలకు 20.9 శాతం తగ్గించినట్టు 2022లో వెల్లడైంది. బరువు కోసం వాడే ఈ మందులు 2025లో భారత మార్కెట్‌లోకి వచ్చాయి.

మందుకూ శస్త్రచికిత్సకూ తేడాలున్నాయి. ఆపరేషన్ తర్వాత హార్మోన్ భోజనం వెంట ఎగసి గంటల్లో తగ్గుతుంది, పైగా ఒకేసారి అనేకం మారతాయి. మందు ఒకటి రెండు గ్రాహకాలనే పగలూ రాత్రీ తట్టి ఉంచుతుంది. మందు ఆపితే ఆకలి తిరిగొస్తుంది. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగింది. ఆపరేషన్ తర్వాత మళ్లీ బరువు పెరుగుతున్నవారికి ఈ మందులను జోడించే పద్ధతి ఇప్పుడు వ్యాప్తిలోకి వస్తోంది.

ఎవరికి, ఎప్పుడు

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి ఇతర జబ్బులున్నవారికి ఈ శస్త్రచికిత్సలు సూచించింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆ హద్దును 35కు, జీవక్రియ జబ్బులుంటే 30కి దించాయి. ఆసియా వాసులకు తక్కువ బరువుకే మధుమేహం, గుండె జబ్బు వస్తాయి కాబట్టి వారికి 27.5 దాటితే పరిశీలించాలన్నాయి. తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ 25 లేదా అంతకు మించినవారు దేశంలో 24 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం.

మొత్తమ్మీద సాక్ష్యం ఇలా ఉంది. ఆపరేషన్ తర్వాత ఆకలి తగ్గడం నిజం. భోజనానంతరం జీఎల్‌పీ-1, పీవైవై పెరగడం రుజువైన విషయం, అవి ఆకలిని తగ్గించడంలో పాలుపంచుకుంటాయని మనుషుల్లోనే తేలింది. గ్రెలిన్ తగ్గుదల స్లీవ్‌లో ఖాయం, బైపాస్‌లో అనిశ్చితం. పిత్త ఆమ్లాలు, సూక్ష్మజీవులు, ప్రతిఫల కేంద్రాల పాత్రకు ఆధారాలున్నా వాటి తూకం తేలలేదు. ఎవరికి ఏ శస్త్రచికిత్స బాగా పనిచేస్తుందో హార్మోన్లను బట్టి ముందే చెప్పగల పరీక్ష వైద్యుల చేతికి రాలేదు. స్థూలకాయం ఉన్నవారి ఆకలి కూడా రక్తపోటు, రక్తంలో చక్కెర లాగే శరీరం నియంత్రించే విషయమన్నది మాత్రం గట్టిపడింది. ఆ రెండింటికి వైద్యం అడిగినంత సహజంగా దీనికీ వైద్యం అడగవచ్చు. వైద్యుడు కూడా అంతే గౌరవంతో జవాబివ్వాలి.